గడప దాటనివ్వకుండా చెప్పిన కథ

నా మీద ఒక హత్య ఉంది. చట్టం దాన్ని నా మీద వేయలేదు, సంఘమూ వేయలేదు. నేనే ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ప్రార్థనలో ఎన్నోసార్లు మొదలుపెట్టాను గాని, దేవుడికి తెలిసిందే మళ్ళీ ఆయనకు చెప్పడం సులువు. మనిషికి చెప్పడమే కష్టం. అందుకని మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి, మధ్యలో ఆగితే తొందరపెట్టకండి.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో ఉదయగిరిలో నేను బైబిలమ్మను. అంటే పల్లెలు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఉద్యోగం. మొగుడు పోయినదాన్నని ప్రార్థన మందిరం పక్కన ఒక గది ఇచ్చారు. కథ చెప్పడంలో నాకు మంచి పేరు. ఎస్తేరు కథ అందుకుంటే పొయ్యి మీద కూడు మాడిపోతున్నా ఒక్కరూ లేచేవాళ్ళు కాదు. ఆ పేరంటే నాకు తగని మోజు. అన్నీ ఒప్పుకుంటున్నాను కాబట్టి ఇదీ ఒప్పుకోవాలి.

కొండ కింద పల్లెలో నాగమ్మ ఉండేది. బాప్తిస్మంలో మార్తమ్మ అని పెట్టారు గాని ఎవరూ అలా పిలవలేదు. ఆమె మొగుడు యేసోబు మేకలు మేపేవాడు, సంఘంలో పెద్ద. ఆదివారం గంట కొట్టేది అతనే. ప్రార్థనకు నిలబడితే కళ్ళ నీళ్ళు కార్చేవాడు. ఇంటికి పోయి పెళ్ళాన్ని ముల్లుగర్రతో కొట్టేవాడు. పల్లెంతా తెలుసు. పాస్టరుగారికి తెలుసు. నాకూ తెలుసు.

ఎండాకాలం ఒక పొద్దున నాగమ్మ నా గది ముందుకు వచ్చింది. ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. నోరు తెరిస్తే ముందు పళ్ళు ఉండవలసిన చోట రక్తం. రవిక వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను గడపకు లోపలే నిలబడ్డాను.

"నాలుగు దినాలు నన్ను లోపల పెట్టుకో అక్కా. మా నాయనకు ఆత్మకూరికి కబురు పంపినాను. వచ్చి తీసకపోతాడు."

"ఇంటికి పోయి ప్రార్థన చేసుకో నాగమ్మా."

"చేస్తా ఉంటేనే గదక్కా కొట్టినాడు."

అప్పుడు నా మనసులో ఏముందో చెబుతాను. సంఘ పెద్ద పెళ్ళాన్ని దాచుకుంటే పాస్టరుగారు ఊరుకుంటారా? ఉద్యోగం పోతుంది, గది పోతుంది, ఒంటరిదాన్ని ఎక్కడ తలదాచుకుంటాను? ఇంతే. ఇందులో వేదాంతం ఏమీ లేదు. కాని ఉత్తిగా వెళ్ళగొట్టడానికి మొహం చెల్లక, గడప మీద నిలబెట్టే ఆమెకు ఒక కథ చెప్పాను.

బైబిల్లోని యాయేలు కథ. దేవుని ప్రజలతో యుద్ధంలో ఓడి పారిపోయి వచ్చిన శత్రు సేనాపతి సీసెరాను ఆమె తన డేరాలోకి పిలిచింది, తాగడానికి పాలు పోసింది, దుప్పటి కప్పింది. అతను నిద్రపోయాక డేరా మేకు తెచ్చి కణతలో దిగగొట్టింది. ఆడవాళ్ళ కూటాల్లో ఆ కథ వద్దని పాస్టరుగారు ఏనాడో అన్నారు. నేను మాత్రం దాన్ని మనసులో దాచుకున్నాను. ఎందుకంటే నన్నూ కొట్టినవాడొకడు ఉండేవాడు. అతను జ్వరంతో పోయాడు, నా చేతిలో పోలేదు. ఆ రోజు చెబుతూ చెబుతూ ఉంటే నా కుడిచేయి దానంతటదే లేచి గాలిలో సుత్తి దెబ్బ వేసింది. నాగమ్మ ఏడుపు ఆపి ఆ చేతినే చూసింది.

"నిద్రపోయేవోణ్ణి చంపితే పాపం గాదా అక్కా?"

"ఆమెకు కాలేదు. దేవుడే మెచ్చుకున్నాడు."

"ఆమె మొగుడేమన్నాడు?"

"కథలో అది లేదు."

నాగమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను గడియ పెట్టుకున్నాను.

దేవుడు మెచ్చుకున్నాడా? మెచ్చుకున్నది దెబోరా అనే ప్రవక్త్రి, గెలిచిన సంబరంలో పాడిన పాటలో. దేవుడు నోరు తెరిచి ఒక్క మాట అన్నట్టు అక్కడ లేదు. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఎందుకు అన్నాను? కథ రక్తి కట్టాలనా? నేను కొట్టలేని దెబ్బ ఇంకొకతె చేత కొట్టించాలనా? ఇంకొకటి కూడా ఉంది. చంపడానికే కానివ్వండి, యాయేలు డేరా తెర ఎత్తి ఒక మనిషిని లోపలికి రమ్మంది. నేను కాపాడడానికైనా రమ్మనలేదు.

మర్నాడు మధ్యాహ్నం యేసోబు సంగటి తిని పందిట్లో పడుకున్నాడు. నాగమ్మ మేకలను కట్టే కొయ్య మేకు పీకింది, రోకలి తెచ్చింది. కథలో అంతా ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఇక్కడ అలా జరగలేదు. మేకు ఎముక మీద జారి కన్ను చీల్చింది. అతను అరుస్తూ లేచి, ఆమె జుట్టు పట్టుకుని పందిరి రాటకేసి తల కొట్టాడు. ఆమె రోకలితో మోకాలు విరగ్గొట్టింది. అతను కిందపడ్డాక తల మీద కొట్టింది. జనం వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

శవం దగ్గర ప్రార్థనకు నన్నే పిలిచారు. గుడ్డ తీసి చూశాను. ముఖమని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. రాటకు అంటిన రక్తాన్ని ఒక మేక నాకుతోంది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. ఒక్క మాట తడబడలేదు. దానికి నన్ను నేను ఇప్పటికీ అసహ్యించుకుంటాను.

నాగమ్మ పోలీసులకు ఉన్నదంతా చెప్పింది. ఆత్మకూరు కోర్టులో నన్ను పిలిచారు. ఆమె గాయాలు యేసోబు ప్రాణం కాపాడుకోబోయి కొట్టినవేనని సర్కారు ప్లీడరు వాదన. పల్లెలో ఎవరూ నోరు విప్పలేదు. ఆ చెవి, ఆ పళ్ళు ముందురోజే పోయాయని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. పాస్టరుగారు వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ముందురోజు ఆమె మీ దగ్గరకు వచ్చిందా అని నాగమ్మ తరఫు ప్లీడరు అడిగారు. రాలేదన్నాను. యాయేలు కథ చెప్పారా అని అడిగారు. నాకా కథ సరిగా రాదన్నాను.

నాగమ్మ బోనులోంచి నన్ను చూసింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"ఆయమ్మ చెప్పేదే నిజం దొరా. నేను ఆ పొద్దు యాడికీ పోలా. ఆయమ్మను ఇడిసిపెట్టండి."

ఎందుకలా అంది? నా మీద జాలిపడిందా? లేక, నేను అబద్ధం చెప్పేదాన్నయితే దేవుడు మెచ్చుకున్నాడన్న మాట కూడా అబద్ధమవుతుందని, ఆ ఒక్కటీ పోగొట్టుకోలేక అందా? రెండోదే నిజమైతే నేను ఎవరికి జవాబు చెప్పాలి? కేసు నెల్లూరు పెద్ద కోర్టుకు పోయాక అక్కడా అదే అబద్ధం చెప్పాను. యావజ్జీవం వేశారు. కొన్నేళ్ళకు జైల్లోనే పోయిందని తెలిసింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడవాళ్ళకు కథలు చెబుతూనే ఉన్నాను, మంచి పేరుతోనే.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా నాగమ్మకు ఒరిగేదేమీ లేదు. కోర్టులో అడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను, అంతే. వచ్చిందయ్యా. పొద్దున్నే వచ్చింది. చెవి తెగి ఉంది, పళ్ళు రాలి ఉన్నాయి, వీపంతా రక్తం. లోపలికి రానిమ్మని అడిగింది. నేను రానివ్వలేదు.