తెలుగు సిగ్నల్ ఇంత దూరం రాదట

మా అమ్మాయి నాతో తెలుగులో మాట్లాడదు. నేను "భోంచేశావా" అంటాను, "హా, ఖా లియా" అంటుంది. "ఎప్పుడొస్తున్నావు" అంటాను, "సండే కో" అంటుంది. అర్థం కాక కాదు. ప్రతి మాటా అర్థమవుతుంది. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే ఒకే సినిమాకి రెండు భాషల సౌండు కలిపి పెట్టినట్టుంటుంది. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఈ ఫిర్యాదు లేని ఇల్లు లేదు. అందుకని పెళ్ళి భోజనాల దగ్గర నేనూ అందరితో పాటు చెప్పుకుని, అందరితో పాటు నిట్టూర్చి, ఇంకో గారె వేయించుకుంటాను.

కానీ అన్ని ఇళ్ళలో కారణం ఒకటే కాదు. మా ఇంట్లో కారణం నేనేనని నా అనుమానం. దాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చూడటానికి పెద్ద బరువేం కాదు. ఒక వాన రోజు, ఒక వాక్యం. దింపుకోవడానికే చోటు దొరకలేదు. భార్యకి చెప్పలేను, వాళ్ళ అక్క విషయం కాబట్టి. స్నేహితులకి చెబితే నవ్వుతారు, నేను ఏం చెప్పినా నవ్వడం వాళ్ళకి అలవాటు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు ఫరీదాబాద్‌లో ఉండేవాళ్ళం. మూడో అంతస్తు, రెండు చిన్న గదులు, ఒక హాలు. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఫైళ్ళను ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిపే బాధ్యత. నా భార్య ఒక స్కూల్లో టీచరు. పాపకి ఎనిమిదేళ్ళు. హోలీ వెళ్ళిన కొన్నాళ్ళకి విజయనగరం నుంచి వదిన వచ్చింది. వదినంటే నా భార్య అక్క. చేతిలో ఒక సూట్‌కేసు ఉంది. తిరుగు టికెట్టు లేదు.

ఆవిడ భర్త, అంటే మా తోడల్లుడు, చెయ్యి చేసుకునే మనిషి కాదు. గొంతు పెంచే మనిషి కూడా కాదు. తాళాలు వేసే మనిషి. బియ్యం డబ్బా ఉన్న అలమరకి తాళం. ఫోనుకి తాళం. ఆఫీసుకి వెళ్తే వీధి గుమ్మానికి బయట తాళం. టీవీకి తాళం వేసే వీలు లేదు కాబట్టి రిమోట్ దిండు కింద పెట్టుకునేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే కాపురం. ఒక రోజు వీధి తాళం వేయడం ఆయన మరిచిపోయాడు. వదిన సూట్‌కేసు సర్దుకుని నేరుగా స్టేషనుకి వెళ్ళిపోయింది.

వదిన మంచి మనిషి. అదే నాకు చిక్కు. గయ్యాళి అయితే నాకు ఇంత నాటకం అవసరమయ్యేది కాదు. పొద్దున్నే లేచేది, వంట చేసేది, నా చొక్కాలకి ఊడిన గుండీలు నేను అడగకుండానే కుట్టేది. కానీ హాల్లో పడుకునేది. ఇంట్లో బనీనుతో తిరిగే హక్కు నాకు పోయింది. నా కుర్చీ ఎవరూ తీసుకోలేదు గానీ, అందులో కూర్చుంటే ఎదురుగా వదిన ఉండేది. భార్యతో పోట్లాడాలంటే డాబా మీదికి వెళ్ళాల్సి వచ్చేది. ఇవీ నా కష్టాలు. ఇంతకంటే పెద్దవి ఏమైనా ఉన్నాయా అని తరవాత చాలాసార్లు వెతికాను. ఉంటే బాగుండేది.

ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. పాపే ఆవిడ నోరు, పాపే ఆవిడ చెవులు. కూరగాయల బండి దగ్గరికి, పనిమనిషి దగ్గరికి, మందుల షాపుకి, ఎక్కడికైనా ఇద్దరూ కలిసే. పాప తెలుగు అంతకుముందు అంతంత మాత్రం. పెద్దమ్మ వచ్చాక వరదలా వచ్చేసింది, అదీ విజయనగరం యాసతో. ఆ పిల్లలో ఒక గుణం ఉండేది: విన్నది విన్నట్టు చెప్పేది. కింద అంతస్తు ఆంటీ ఒకసారి, మొగుణ్ణి వదిలేసి వచ్చిందట కదా, ఎందుకో అడుగు అంది. ఇంకొకరైతే ఏదో సర్ది చెప్పేవారు. పాప మాట పొల్లు పోకుండా పెద్దమ్మకి చెప్పింది. వదిన "తాళాలు ఎక్కువైపోయాయని చెప్పు" అంది. పాప అదీ చెప్పింది. ఆంటీకి ఏం అర్థమైందో తెలియదు, మళ్ళీ అడగలేదు. పాప నోటి మీద వదినకి అంత నమ్మకం.

ఎండాకాలం గడిచేసరికి వదిన నీరసపడింది. మేమిద్దరం ఉద్యోగాలకి, పాప బడికి వెళ్ళాక పగలంతా ఒక్కతే. కిటికీ లోంచి వినిపించే మాట ఒక్కటీ తనది కాదు. కేబుల్‌వాణ్ణి తెలుగు చానల్ అడిగితే తమిళం పెట్టి, "సౌత్ హీ తో హై" అన్నాడు, అదీ సౌతే కదా అని. అప్పుడప్పుడే ఇళ్ళ మీద డిష్‌లు లేస్తున్నాయి. డిష్ పెట్టిస్తే తెలుగు చానళ్ళు వస్తాయని ఎవరో చెప్పారు. ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన నా భార్యతో, ఇంట్లో తెలుగు వినిపిస్తూ ఉంటే తనకి ఏ ఊరైనా ఒకటేననీ, ఇక్కడే ఉండిపోతాననీ అంది. నా భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను మజ్జిగ పోసుకున్నాను. ఉండిపోతాను అన్న మాట గొంతు దిగడానికి రెండు గ్లాసులు పట్టింది.

డిష్ బుక్ చేయక తప్పలేదు. చేశాను.

అది బిగించే రోజున పొద్దుటి నుంచి వాన. ఫరీదాబాద్‌లో వానంటే పైనుంచి పడేది కొంత, కాలవల్లోంచి పైకొచ్చేది ఎక్కువ. పాప బడికి సెలవిచ్చేశారు. నా భార్య అప్పటికే తన స్కూలుకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఇంత వానలో ఎవడూ రాడని ధీమాగా కూడా ఉన్నాను. మధ్యాహ్నం బెల్ మోగింది. స్కూటరు మీద, పాలిథిన్ కప్పిన డిష్‌తో, మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు ఆ మనిషి. మన ప్రభుత్వంలో ఎవరూ ఇంత నిబద్ధతతో పని చేయగా నేను చూడలేదు. వదిన పరిగెత్తుకెళ్ళి తువ్వాలు తెచ్చింది. నా తువ్వాలు.

అతను డాబా మీదికి వెళ్ళి చూసి వచ్చాడు. ఎదురుగా అడ్డం ఏమీ లేదనీ, బ్రహ్మాండంగా వస్తుందనీ, కాకపోతే ఈ మెరుపుల్లో ఇనప గొట్టం పట్టుకుని పైన నిలబడటం తన వల్ల కాదనీ, కాస్త తగ్గాక బిగిస్తాననీ హిందీలో చెప్పాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి మా మొహాలు చూస్తోంది. పాప నా పక్కనే ఉంది. పాప ఉందని నాకు తెలుసు. ఇది రాసి తీరాలి. తెలియక అన్నానని నాకు నేను చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక అలవాటుంది. బస్సులోనో బజార్లోనో, పక్కవాడి గురించి ఏదైనా అనుకోవాలంటే వాడి ఎదురుగానే తెలుగులో అనేసుకుంటాం. అదొక చిన్న సుఖం. ఆ రోజు మొదటిసారి అదే పని హిందీలో చేశాను, ఇంటి మనిషి మీద.

"భయ్యా, ఆంటీ కో బోల్ దో, యహా సిగ్నల్ నహీ ఆతా."

సిగ్నల్ రాదని ఆవిడకి చెప్పేయమని మామూలు గొంతుతోనే అన్నాను, టీ తాగుతావా అని అడిగినట్టు. అతను నన్ను చూశాడు. కిటికీ లోంచి మెరుపు చూశాడు. ఆ వానలో మళ్ళీ డాబా ఎక్కకుండా ఉండటానికి అతను ఏ మతంలోనైనా కలిసేలా ఉన్నాడు. "ఠీక్ హై సాబ్" అని, వదిన వైపు తిరిగి, తల అడ్డంగా ఊపుతూ, ఎంతో విచారంగా ఆ మాట అప్పజెప్పాడు.

వదిన పాపని అడిగింది. "ఏటంటున్నాడే?"

పాప నన్ను చూసింది. అప్పుడు నేనేం చేశాను? కళ్ళెర్ర చేయలేదు. భుజం గిల్లలేదు. నవ్వాను. "చెప్పమ్మా, అంకుల్ ఏమన్నాడో" అన్నాను.

"ఇక్కడ సిగ్నల్ రాదట పెద్దమ్మా."

"అదేటి? ఎదురింటి మేడ మీద ఉందిగా గొడుగు. వాళ్ళకెలాగొస్తోంది? అడుగు."

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. పాప అతని వైపు తిరగనే లేదు.

"వాళ్ళది హిందీ సిగ్నల్ పెద్దమ్మా. తెలుగు సిగ్నల్ ఇంత దూరం రాదట."

ఆ మాట ఎవరూ అనలేదు. నేననలేదు, అతననలేదు. నాన్న ఇరుక్కున్నాడని గ్రహించి, ఎనిమిదేళ్ళ పిల్ల అప్పటికప్పుడు అల్లింది. వదిన వెంటనే నమ్మింది. నమ్మదగ్గ మాటే మరి, విజయనగరం నుంచి వచ్చిన మనిషికి అంత దూరం తెలుసు.

మీకు చెప్పదలచుకున్నది నిజానికి దీని తరవాతి క్షణం. అబద్ధం ఆడించినందుకు ఆ క్షణంలో నాకు సిగ్గు కలిగిందనుకుంటున్నారా? నాకు గర్వం కలిగింది. నా కూతురు ఎంత చురుకు అనుకున్నాను. తల నిమిరాను కూడా. పాప తల పక్కకి తీసుకుంది.

అబద్ధం ఆడినవాడు అక్కడి నుంచి వెళ్ళిపోగలగాలి. మాకు ఆ వీలు లేకపోయింది. వీధి నిండిపోయింది, అతని స్కూటరు సీటు దాకా మునిగింది. సాయంత్రం దాకా నలుగురం ఆ హాల్లోనే. మధ్యలో పాలిథిన్ కప్పుకుని డిష్, పెళ్ళిచూపులకి వచ్చి నచ్చలేదనిపించుకున్న పిల్లలా. పని కాకపోతేనేం, వానలో పడి వచ్చాడు పాపం అని వదిన అతనికి పెసరట్లు పోసింది. ఒకటి, ఇంకొకటి, అల్లం పచ్చడితో మరొకటి. అతను తలెత్తకుండా తిన్నాడు. నాకూ వేసింది. నేనూ తలెత్తకుండా తిన్నాను. వాన తగ్గుతుందేమోనని మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అంత భక్తిగా ఆకాశం వైపు నేనెప్పుడూ చూడలేదు. ఆంటీ చాలా మంచివారని అతను హిందీలో పాపతో అన్నాడు. ఏటంటున్నాడని వదిన అడిగింది. పాప చెప్పలేదు. గోడ వైపు తిరిగి బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్ళకి వదిన టికెట్టు తీయమంది. ఏ గదైనా గదేననీ, అక్కడైతే గోడ అవతలి మాటలు అర్థమవుతాయనీ అంది. నా భార్య ఏడ్చింది, బతిమాలింది. నేను రిజర్వేషను కౌంటరుకి వెళ్ళాను. నా ఉద్యోగ జీవితంలో అంత త్వరగా కదిలిన ఫైలు అదొక్కటే. స్టేషనుకి పాప రానంది, కడుపునొప్పి అంది. వదిన తన తాళాల ఇంటికి వెళ్ళిపోయింది. మా తోడల్లుడు ఆవిడని ఒక్క మాట అనలేదట. వీధి తాళం మాత్రం ఇంకొకటి కొన్నాడట.

ఆ తరవాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు.

మా ఇంటికి రెండేళ్ళలోనే డిష్ వచ్చింది. అదే డాబా, అదే మూల. గొట్టం నిలబెట్టగానే తెలుగు వచ్చేసింది. టెక్నాలజీ ఎంత పెరిగిందో చూడండి అని నా భార్య ఆశ్చర్యపోయి, అక్క ఇంట్లో ఫోను తాళం తీసి ఉన్న ఒక రోజు చూసి చెప్పింది, ఇప్పుడు వస్తోందే అక్కా అని. అవతల్నుంచి వదిన, "అలాగేటి? మంచిది" అందట.

టీవీ ఉన్నా వదిన వెళ్ళిపోయేదేమో. ఈ వాదన నాకు చాలా ఇష్టం. ఎన్నో రాత్రులు దీన్ని కప్పుకునే పడుకున్నాను. కానీ ఉండిపోతాను అన్నది ఆవిడ. విన్నది నేను. ఇప్పుడు ఆయన లేడు, తాళాలన్నీ వదిన దగ్గరే ఉన్నాయి, ఏదీ వేయదట. రమ్మని నా భార్య పిలుస్తూనే ఉంటుంది. అంత దూరం ఇంకేం వస్తాను అంటుంది.

పాప తెలుగు ఎప్పుడు ఆగిపోయింది? ఒక్క రోజులో ఆగలేదు. మాట్లాడటానికి ఇంట్లో పెద్దమ్మ లేదు, బయట అందరూ హిందీ, అలా తగ్గింది. అలా అనుకుంటాను. ఆ వాన సాయంత్రం తరవాత తను నాతో తెలుగులో అన్న మాట ఒక్కటైనా గుర్తు చేసుకుందామని చూస్తాను. దొరకదు. నా జ్ఞాపకశక్తి మంచిది కాదు. అలా కూడా అనుకుంటాను.

పోయిన ఆదివారం పాప గుర్‌గావ్ నుంచి వచ్చింది. అక్కడొక కంపెనీలో ఉద్యోగం. తిరిగి వెళ్ళేటప్పుడు వాన పట్టుకుంది, క్యాబ్ ఎంతకీ రాదు. బాల్కనీలో ఇద్దరమే ఉన్నాం. ఎందుకు ఆ రోజే అన్నానో తెలియదు. వాన వల్ల కావచ్చు, తను ఎటూ పోయే వీలు లేదన్న ధైర్యం వల్ల కావచ్చు. నాకు అది పాత పద్ధతే.

"నీ చిన్నప్పుడు ఒక వాన రోజు, డిష్ విషయంలో, మీ పెద్దమ్మకి అబద్ధం చెప్పాను" అన్నాను.

అనేశాక ఊపిరి తేలిగ్గా ఆడింది. నిజం. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ వాక్యాన్ని నా నోటితో బయటికి విన్నాను. తను ఏమన్నా సరే, ఏమీ అనకపోయినా సరే అనిపించింది.

పాప ఫోను లోంచి తలెత్తింది. తెలుగులో అంది. అచ్చం పెద్దమ్మ యాసతో.

"నువ్వేటి చెప్పావు నాన్నా? నువ్వు హిందీలో చెప్పావు. పెద్దమ్మకి చెప్పింది నేను."