ఉగ్గాని అంటిన చేతులు

పాపను పడుకోబెట్టి, మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే వేళ్ల నుంచి సాయంత్రం తిన్న ఉగ్గాని వాసన వస్తోంది. సబ్బుతో కడిగినా పోలేదు. నానిన బొరుగులు, పసుపు, పోపులో వేగిన పచ్చిమిరపకాయ, పైన చల్లిన పప్పులపొడి. ఈ వాసన తగిలితే చాలు, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మిద్దె మీద ఉండిన చిన్న ఆఫీసు, అందులో నా మొదటి ఉద్యోగం, పద్మావతక్క గుర్తుకొస్తారు. సోమవారం నుంచి నేను మళ్లీ పనిలోకి వెళ్లాలి, పులివెందులలో కాలేజీ ల్యాబ్‌కు. ఏడాది నిండిన పాప పగలంతా మా అత్త దగ్గర ఉండాలి. మొన్నమొన్నటిదాకా నేను పక్కన లేకుండా అది ఒక్కసారీ నిద్రపోలేదు. ఆ భయంతోనే ఈ మధ్య అక్క మరీ మరీ గుర్తొస్తున్నారు.

పద్మావతక్క పుట్టిందీ మెట్టిందీ వ్యాపారుల ఇళ్లలోనే. కింద ఆమె భర్త చీరలు అమ్మేవారు. పైన ఆమె నగల అంగళ్లకు, బట్టల అంగళ్లకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాయించేవారు, అన్నీ లినక్స్ మీద. ఆ ప్రోగ్రాములు ఒంటరిగా నడవవు. ముద్రించడానికి ఒకటి, బార్‌కోడ్ చదవడానికి ఒకటి, ఎవరెవరో ఎప్పుడో రాసిపెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కల మీద, అంటే మాడ్యూళ్ల మీద, ఆనుకుని నడుస్తాయి. అంగడికి పంపేటప్పుడు ప్రోగ్రాంను ప్యాకేజీగా కట్టి, దానికి ఏ మాడ్యూళ్లు కావాలో దాంట్లోనే రాసి పంపాలి. అప్పుడు అంగడి సిస్టమ్ వాటిని తానే తెచ్చుకుంటుంది. ఆ రాత కూడా మనం రాయనక్కర్లేదు. ప్యాకేజీ కట్టే సాఫ్ట్‌వేరే పైథాన్ భాషలో మేము రాసిన కోడంతా చదివి, మేము పిలిచిన మాడ్యూళ్ల పేర్లు ఏరుకుంటుంది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన నాకు, ఇక మనం చూసుకోవాల్సిందేమీ లేదనిపించింది.

నేను కట్టిన మొదటి ప్యాకేజీ జమ్మలమడుగులో ఒక బట్టల అంగడికి. పెళ్లిళ్ల రోజులు. కావాల్సిన మాడ్యూళ్లన్నీ సాఫ్ట్‌వేరే కనిపెట్టింది, నా సిస్టమ్‌లో బాగా నడుస్తోంది, పంపేస్తానన్నాను. అక్క తల కూడా ఎత్తలేదు.

"నీ సిస్టమ్ నీ పుట్టిల్లు మ్మేయ్. అడగకుండానే అన్నీ ఉంటాయి ఆడ. పరాయింట్లో ఏసి చూపియ్."

పరాయిల్లు అంటే మూలనున్న పాత సిస్టమ్. అందులో ఒట్టి లినక్స్ తప్ప ఏమీ ఉండదు. ఒక ప్యాకేజీ వేసి చూశాక అంతా తుడిచేసి మళ్లీ ఒట్టిది చేసేవారు. దాని ముందు కూర్చునే పద్ధతి కూడా అక్కదే. ప్యాకేజీ కట్టినవాళ్ల చేతిలో ఉగ్గాని ప్లేటు పెట్టేవారు. నూనె చేత్తో కీబోర్డు ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. ఏదైనా ఆగితే మన చేయి ఆగదు, చటుక్కున లేని మాడ్యూల్ ఎక్కించేస్తాం, ఆ సంగతి మరిచిపోతాం, అంగట్లో మాత్రం అది ఉండదు. అందుకని మౌస్ ఆమె పట్టుకుని అంగడివాళ్లలాగే నడిపేవారు. మేము తింటూ చూడాలి.

ప్రోగ్రాం తెరుచుకుంది. చీర ధర వచ్చింది. ముద్రించమనగానే ఆగిపోయింది. ఒక్కో అంగట్లో ఒక్కో రకం ప్రింటరు ఉంటుందని, సెట్టింగుల్లో ఉన్న పేరును బట్టి నడిచేటప్పుడే తగిన మాడ్యూల్‌ను పిలిచేలా నేను రాసిపెట్టాను. ఆ పేరు కోడ్‌లో ఎక్కడా లేదు, కాబట్టి ప్యాకేజీ కట్టే సాఫ్ట్‌వేర్‌కు అది దొరకలేదు.

"అది రాసింది చదువుతాది, అంతే. నడిచేటప్పుడు పిలిచేది దానికి యాడ కనపడ్తాది?" అన్నారు అక్క. తర్వాత తన సంగతి చెప్పారు. చాలా ఏళ్ల కిందట తానూ ఇట్లాంటిదే అదే అంగడికి పంపారట. అంగట్లో అది ఆగిపోతే బస్సెక్కి వెళ్లి, పొద్దుగూకేదాకా ఆ అంగడాయన పక్కన కూర్చుని చేత్తో బిల్లులు రాశారట. ఆయన ఒక్క మాట అనలేదట, కాఫీ తెప్పించాడట. "తిట్టింటే బాగుండు," అన్నారు.

ఆ ప్రింటరు మాడ్యూల్ పేరు చేత్తో చేర్చి పంపాను గానీ, ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. తరువాతి ప్యాకేజీలో, కావాలో వద్దో చూడకుండా నా సిస్టమ్‌లో ఉన్న మాడ్యూళ్ల పేర్లన్నీ రాసేశాను. పరాయింట్లో అది చక్కగా నడిచింది. అది పంపిన పులివెందుల అంగట్లో నెట్ అంతంతమాత్రం. పొద్దున మొదలైన డౌన్‌లోడ్ మధ్యాహ్నమైనా తెగలేదు. అంగడాయన ఫోన్ చేసి, "ఏం పాపా, బిల్లు కొట్టేదానికి ఊరంతా మోసకస్తాండావా?" అన్నాడు. అక్క కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక కుర్చీ నా వైపు లాక్కున్నారు.

"భయపడి రాసినావు, తెలిసి రాయల్యా. యాడ ఆగుతాందో చూడు. ఆ ఒక్కటి రాయి. దాని పక్కనే ఎందుకో కూడా రాయి."

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు. అంగళ్లన్నీ ఫోన్లలో బిల్లులు వేసుకుంటున్నాయి. అక్క కింద అంగట్లో కూర్చుంటున్నారు. పరాయిల్లు ఏమైందని అడిగితే, "మా ఇంటాయన దాని మీద చీరలు పేర్చినాడు," అన్నారు.

పోయిన ఆదివారం పాప కోసం సంచి సర్దాను. బొమ్మలు, దుప్పటి, నేను వాడిన చీర, నా జోలపాట రికార్డు చేసిన పాత ఫోను. సంచి జిప్పు పడలేదు. అత్త చూసి, "యాడికి పంపుతాండావు పాపను? నేనీడే ఉండా కదా," అంది. అప్పుడు తోచింది నాకు, ఇదీ భయపడి కట్టిన ప్యాకేజీయేనని, నేను లేకుండా ఒకసారి నడిపి చూడాలని. ఉగ్గాని కలుపుకుని, పాపను అత్తకు ఇచ్చి, మిద్దె మెట్ల మీద కూర్చున్నాను.

కింద ఏడుపు మొదలైంది. ఫోన్లో నా పాట వినిపించింది, ఏడుపు పెరిగింది. గిలక్కాయ చప్పుడైంది, ఏడుపు ఆగలేదు. లేవబోయాను. చేతులు నూనె. కూర్చుని ఇంకో ముద్ద తిన్నాను. కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దానికి ఇంకా భయపడి దిగి కిటికీలోంచి చూశాను.

అత్తకు మోకాళ్ల నొప్పులు. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది. పాప పక్కన అడ్డంగా పడుకుని, రెండు పాదాలూ ఆమె తొడకు తన్నిపెట్టి నిద్రపోతోంది.

"ఏంది అట్ల చూస్తాండావు?" అంది అత్త గొంతు తగ్గించి. "కాళ్లు ఆనిచ్చేదానికి మనిషి కావాలంట దానికి. అంతే."

రోజూ నేను పక్కన కూర్చుని టైపు చేసుకుంటుంటే పాప పాదాలు నా తొడను వెతుక్కుంటాయి. ఏడాదిగా తగులుతూనే ఉన్నాయి. పాటకు నిద్రపోతోందనుకున్నాను. సంచిలో పెట్టగలిగింది కాదు అది, చెప్పాలని నాకు తోచేదీ కాదు.

సంచిలోవన్నీ తీసి అలమరలో పెట్టేశాను, ఒక్క దుప్పటి తప్ప. సోమవారం భయం పూర్తిగా పోలేదు. నేను ఇది రాస్తుంటే పాప ఇప్పుడే పొర్లింది, కాళ్లు గాల్లోకి వచ్చాయి. సర్దడానికి చేయి చాపి ఆగాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆ పాదాలు వాటంతటవే నా తొడ పక్కన చోటు వెతుక్కున్నాయి.