వంకాయ రంగు వేలు

ఇరవై ఒకటి నిండితే గాని ఓటు రాని కాలం మాది. ఇప్పటి పిల్లలకు పద్దెనిమిదికే చేతికి వచ్చేస్తోంది కాబట్టి దాని రుచి వాళ్ళకు తెలియదు. మేము అదనంగా మూడేళ్ళు నోరూరించుకుంటూ కూర్చున్నాం. నాకు మీసాలు వచ్చాయి, పని వచ్చింది, పెద్దవాళ్ళ ఎదుట గొంతు పెంచి మాట్లాడడం ఒక్కటే రాలేదు. ఓటు వస్తే అదీ వస్తుందని నా గట్టి నమ్మకం. అరవైల మొదట్లో, బెంగళూరు పేటలో, పట్టుకు రంగులద్దే మా మేనమామ కార్ఖానాలో పనిచేస్తూ ఆ ఓటు కోసం కాచుకున్నాను. మా నియోజకవర్గం కాగితం మీద ఎలా ఉండేదో నాకు తెలియదు గానీ, నడిచి చూస్తే మాత్రం మా వీధి మొదటి కుళాయి దగ్గర మొదలై, మగ్గాల చప్పుడు వినబడినంత మేరా సాగి, పూల అంగళ్ళ దగ్గర ఆగిపోయేది. కుళాయికి అవతలివాళ్ళ ఎమ్మెల్యే వేరు. (మా రంగునీళ్ళు మాత్రం ఆ తేడా పాటించకుండా వాళ్ళ వాకిళ్ళలోకీ పోయేవి. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా. వాళ్ళు వచ్చి తిట్టి పోయేవాళ్ళు.)

ఆసారి శాసనసభకు నిలబడినవాళ్ళలో మా వీధికి కావలసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పట్టు సాహుకారు. మా మామకు పట్టు పంపేదీ ఆయనే, రంగు పట్టలేదని వెనక్కి కొట్టేదీ ఆయనే. రెండోవారు డ్రిల్లు మేష్టరు. ఏ పార్టీ లేదు, జీపు లేదు, పాత సైకిలు మీద తిరుగుతూ, 'గెలిస్తే ఈ వీధికి మూత ఉన్న మురుక్కాలువ కట్టిస్తాను' అని ఒకే మాట చెప్పేవారు. నేను ఆ కాలువలో రెండుసార్లు పడ్డవాణ్ణి. నా ఓటు ఎవరికో మీరే ఊహించుకోండి.

మామ ఊహించుకోలేదు, నేరుగానే అడిగాడు. ఎన్నికల ముందురోజు సాయంత్రం, కార్ఖానాలో అందరూ వింటుండగా.

"మన పొయ్యి మండేది సాహుకారు పట్టుతో. ఆయప్పకు గాక ఇంకొకనికి వేసినావంటే ఎల్లుండి నుంచి ఈ గడప తొక్కద్దు అల్లుడా, చెప్తా ఉండా."

"గడప నీది మామా, ఓటు నాది. మేష్టరుకే వేస్తా."

అంటుంటే నా గొంతు పెరిగింది, అది గమనించి లోలోపల మురిసిపోయాను. మామ, వంకాయ రంగు అద్దమని సాహుకారు అర్జంటుగా పంపిన పట్టుదారం చుట్టలు చూపించి, "సరే, ఆ చిలపలు ముంచు పో" అన్నాడు. వేడి రంగునీళ్ళ కొప్పెరలో పట్టు చిలపలు ముంచుతూ తిప్పుతూ పొద్దు గుంకించాను. చేతులకు తొడుగులు వేసుకోవచ్చునని మా వీధిలో ఎవరికీ తెలియదు. పని అయ్యేసరికి రెండు చేతులూ మణికట్టు దాకా నిగనిగలాడే వంకాయలు. మాకది మామూలే. ఆ చేతులతోనే అన్నం తిని, తెల్లారితే నేనే మొదటి ఓటరును కావాలని పడుకున్నాను.

అయ్యాను కూడా. స్కూల్లో పెట్టిన పోలింగ్ బూతు తలుపు తెరవగానే ఉతికిన పంచె కట్టుకుని నేనే ముందు నిలబడ్డాను. లోపల బెంచీ మీద సాహుకారు తరఫు ఏజెంటుగా మామ కూర్చుని ఉన్నాడు. పక్కన మేష్టరు ఏజెంటు. బల్ల వెనక ప్రిసైడింగ్ ఆఫీసరు, కళ్ళజోడు, మడత నలగని కోటు. వేలు చూపించమన్నారు. ఎడమచేతి చూపుడువేలు చాచాను.

"ఏనప్పా, ఇష్టు బెళిగ్గె ఎల్లి ఓటు హాకి బందె?" అన్నారాయన. (ఇంత పొద్దున్నే ఎక్కడ ఓటేసి వచ్చావయ్యా అని. ఇకపై ఆయన కన్నడాన్ని నేనే తెలుగులో చెబుతాను.)

"సార్, ఇది సిరా కాదు, రంగు. పది వేళ్ళకూ ఉండాది చూడండి. పది ఓట్లు వేసివస్తానా?"

"వేసినా వేస్తావు. గుర్తు ఉన్న వేలికి ఓటు ఇవ్వకూడదు. రూలు."

మేష్టరు ఏజెంటు ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. మామ వైపు చూశాను. మామ తల వంచుకుని ఓటర్ల జాబితా చదువుకుంటున్నాడు, మీసాల కింద చిన్న నవ్వు. ఒళ్ళు మండిపోయింది. కావాలనే నిన్న నాచేత ఆ కొప్పెరలో చేతులు పెట్టించాడని అప్పుడు తోచింది. (కాదని ఆయన జీవితాంతం ఒట్టేస్తూనే ఉన్నాడు.) "వేలు తెల్లగా చేసుకోని వస్తా సార్. సాయంత్రంలోగా వేసేది వేసేదే!" అని బల్ల గుద్దబోయి, ఆఫీసరు కళ్ళజోడు చూసి ఆగి, బయటపడ్డాను.

ఇంటి దగ్గర అత్త గుమ్మంలోనే ఎదురైంది. "ఏమిరా, ఓటేసేకి పోయినోనివి తన్నులు తిన్నట్ల ఉండావు?" అంది. సంగతి చెప్పాను. "అంత పంతమేల అప్పా, మీ మామ మొగం చూసి ఆ సాహుకారుకే వేసేయరాదా?" అంది. "వేసేకైనా వేలు తెల్లగుండల్ల గదత్తా!" అన్నాను. అది ఆమెకు న్యాయంగా తోచి, చింతపండు ఇచ్చింది. చింతపండు అయ్యాక నిమ్మకాయ, నిమ్మకాయ అయ్యాక ఇటుక పొడి, ఆ తరువాత కిరసనాయిలు. చెయ్యి చారు వాసన వచ్చింది, లాంతరు వాసన వచ్చింది, రంగు మాత్రం కదల్లేదు. మా మామ అద్దిన రంగు మరి. పోతుందా?

మధ్యాహ్నం దాటాక అసలు మందు గుర్తుకొచ్చింది. పట్టుకు తప్పు రంగు పడితే పీకేసే తెల్లటి పొడి ఒకటి కార్ఖానాలో ఉంటుంది. అత్తను బతిమాలి తాళం చెవి తీసుకున్నాను. డబ్బాలో అడుగున కొంచెమే ఉంది, ఒక చిన్న గ్లాసుడు వేడినీళ్ళకు సరిపడా. అందులో ఒక్క వేలే పడుతుంది. చాలు, సర్కారు అడిగింది ఒక్క వేలే కదా! ముంచాను. కుళ్ళిన గుడ్డు వాసన, చర్మం పీకేసినంత మంట. కేకలు మింగుకుంటూ, డ్రిల్లు మేష్టరును తలుచుకుంటూ, నిలబడ్డాను. తీసి చూస్తే వేలు పుట్టినప్పుడు కూడా అంత తెల్లగా ఉండి ఉండదు. ఆనందంతో పరుగెత్తాను.

ఈలోగా బూతులో ఏం జరిగిందో నాకేం తెలుసు? మా వీధి రంగుల పనివాళ్ళందరూ వరుస కట్టి, ఎర్ర, పచ్చ, నీలం చేతులు చాచేసరికి ఆఫీసరుకు మతి పోయిందట. తన పనివాళ్ళ ఓట్లు పోతాయని మామ లేచి గంటసేపు వాదించి, ఇక్కడ అందరి చేతులూ ఇంతేనని ఒప్పించాడట. పొద్దున నాకోసం రాని నోరు! చివరికి రంగు మీదే సిరా పెట్టి అందరికీ ఓటు ఇచ్చేశారు. అలా మా బూతులో రంగు వేలే నమ్మకమైన వేలు అయిపోయింది. అప్పుడు వెళ్ళాను నేను, తొమ్మిది వంకాయ రంగు వేళ్ళతో, ఒక్క తెల్ల వేలితో.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "తొమ్మిది వేళ్ళకూ ఉన్న రంగు, సిరా పెట్టే వేలికి మాత్రం లేదేమయ్యా?"

"మీరే గద సార్ వద్దంటిరి! రుద్ది రుద్ది తీసేసినా!"

"ఈ రంగు తీసేసే మందు ఉన్నవాడికి సిరా ఒక లెక్కా? పొద్దుటి నుంచి ఎక్కడెక్కడ వేసి, ఎన్నిసార్లు కడుక్కున్నావో ఎవరికి తెలుసు?"

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. గోడ గడియారం చూస్తే మూసే వేళ దగ్గరపడింది. మూడేళ్ళు కాచుకున్న ఓటు, పని పోయినా సరేనన్న ఓటు, బల్లకు అవతల కాగితమై ఉంది. నాకు చెయ్యి చాచే హక్కు లేదు. "ఓటు ఇచ్చేదాకా ఈడ్నుంచి కదల్ను సార్, పోలీసుల్ని పిల్చుకోండి!" అన్నాను. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. బెంచీ వైపు తిరిగి, "ఇతను ఈరోజు ఎక్కడా ఓటు వెయ్యలేదని పూచీ పడేవాళ్ళున్నారా?" అని అడిగారు. మేష్టరు ఏజెంటు కాఫీకి పోయి ఇంకా రాలేదు. బెంచీ మీద ఉన్నది మామ ఒక్కడే.

ఇక అయిపోయిందనుకున్నాను. నా ఓటు ఎటు పోతుందో ఆ గదిలో నాకెంత తెలుసో మామకూ అంతే తెలుసు. ఆయన చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. పొద్దున చేసింది కూడా అదే. కానీ మామ జాబితా పక్కన పెట్టి, లేచి, పైపంచె సర్దుకున్నాడు.

"నా చెల్లెలి కొడుకు సార్. వీడు ఇంకా ఓటు వెయ్యలా. నేను పూచీ. ఇచ్చేయండి."

ఆఫీసరు సిరా పెట్టారు. ఊడిన చర్మం మీద ఆ సిరా పడగానే ప్రాణం జివ్వుమంది. ఆ మంటతోనే తెర వెనక్కి పోయి, మేష్టరు గుర్తు మీద ముద్ర గట్టిగా నొక్కి, మడిచి, పెట్టెలో వేసి, నియోజకవర్గం మొత్తం నేనొక్కణ్ణే గెలిచినట్టు రొమ్ము విరుచుకుని బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున ఇంట్లో కూర్చోలేక కార్ఖానా దాకా పోయి, గడప ఇవతలే నిలబడ్డాను. మాట మాటే కదా. మామ లోపలి నుంచి చూసి, "నీళ్ళు కాగుతా ఉండాయి, అట్ల నిలబడుకోనుంటే ఎట్ల?" అన్నాడు.

"తొక్కద్దంటివి గద మామా."

"అంటి. ఇప్పుడు రమ్మంటా ఉండా. రా."

వెళ్ళాను. కొప్పెరలో చిలపలు ముంచుతూ, ఉండబట్టలేక అడిగేశాను. "మేష్టరుకే వేస్తానని తెలిసి కూడా నాకెందుకు పూచీ పడినావు మామా?"

మామ నన్ను వింతగా చూశాడు, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు. "ఆఫీసరు అడిగింది నువ్వు వేసినావా లేదా అని. నువ్వు వెయ్యలా. వెయ్యలా అంటి. ఇంకేమనల్లప్పా?"

సాహుకారు గెలిచాడు. మేష్టరుకు డిపాజిట్టు కూడా దక్కలేదు. ఆ కాలువకు మూత పడేలోగా నేను మరోసారి పడ్డాను. తరువాత ఎన్నో ఎన్నికలు చూశాను, ఎన్నోసార్లు బెంచీ మీద ఏజెంటుగా కూర్చున్నాను. నా ఎదుట నిలబడ్డ కుర్రవాడి ఓటు ఎటు పోతుందో ముఖం చూస్తే తెలిసిపోయేది. అలాంటి ఒకడి కోసం లేచి నిలబడవలసి వస్తే నిలబడతానా అని ఇప్పటికీ ఒక్కోసారి నన్ను నేను అడుగుతాను. నిలబడతాననే చెప్పుకుంటాను. కాకపోతే ఆ జవాబు చెప్పుకోవడానికి నాకు కొంచెం సేపు పడుతుంది, మామకు పట్టలేదు. అది తలుచుకుంటే, ఆ రోజు గొప్ప పని చేసింది తానేననుకుని రొమ్ము విరుచుకుని నడిచిన వెర్రివాణ్ణి చూసి నాకు నవ్వొస్తుంది.