బాణాల బాబాయి

మా నాన్న తమ్ముణ్ణి ఆసుపత్రిలో అందరూ ‘బాణాలాయన’ అంటారు. ఆపరేషన్ గదిలో మత్తు డాక్టరు పక్కన నిలబడి మందులు సిద్ధం చేయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన ఉద్యోగం. కొత్త నర్సు కనిపిస్తే చాలు, సిరంజి పైకెత్తి మొదలుపెడతాడు: "దీని ముత్తాత బాణం మొనమీద ఉండేది, తెలుసా?"

ఆ కథ మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అమెజాన్ అడవుల్లో వేటగాళ్లు ఒక తీగ బెరడు ఉడకబెట్టి, ఆ రసాన్ని బాణాలకు పూసేవారు. దెబ్బ తిన్న జంతువు ఒళ్లంతా సడలి, ఊపిరాడక చచ్చేది. దగ్గరుండి చూసినట్టే చెబుతాడు గానీ, ఆయన చూసిన అడవల్లా మా పెరటి జామచెట్టే. ఆ విషాన్నే వైద్యులు మచ్చిక చేసుకున్నారు. కడుపు కోసేటప్పుడు కండరాలు బిగుసుకోకుండా ఇప్పుడు దాని వారసుల్ని వాడతారు.

"అది నిద్రపుచ్చదు, నొప్పి తీయదు. ఒళ్లు కట్టేస్తుందంతే. అందుకే ముందు మత్తు, తర్వాత ఇది. ఊపిరి మన చేతిలో," అంటాడు.

గొప్పలు పోతాడు సరే, పనిలో ఆయనకు వంక పెట్టినవాళ్లు లేరు. రోగి చేతికున్న గొట్టంలో సెలైన్ ఎక్కించి కడగందే బయటికి పంపడు. అందులో మిగిలిన కాస్త మందు చాలు, కొంప మునగడానికి.

మా అమ్మకు పిత్తాశయం తీసిన రోజు మాత్రం, అంతా బాగా జరిగిందన్న సంబరంలో, ఆ మాట నాకు చెప్పడానికి పరుగెత్తుకొచ్చాడు. గొట్టం కడగలేదు.

వార్డులో నర్సు అదే గొట్టంలో నొప్పి మందు ఎక్కించింది. కాసేపటికే అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. రెప్పలు వాలాయి. చెయ్యి మంచం మీంచి జారింది. గుండె ఆగిందనుకుని నేను కేక పెట్టాను. నా పక్కనే ఉన్న బాబాయి గొట్టం వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. మరుక్షణం అమ్మ తల వెనక్కి వంచి, మాస్కు అదిమి, గాలి సంచి నొక్కడం మొదలుపెట్టాడు.

"డాక్టరుగారిని పిలవండి, విరుగుడు తెమ్మనండి!" అని అరిచి, అమ్మ చెవి దగ్గరికి వంగాడు. "వదినా, నీకు అన్నీ వినబడుతున్నాయని నాకు తెలుసు. తప్పు నాది. మందు మిగిలిపోయింది. కదలలేవు, అంతే. ఊపిరి సంగతి నేను చూసుకుంటా. భయపడకు."

విరుగుడు పడేదాకా అవే మాటలు, అదే లయలో సంచి. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ చేతుల మీద మాత్రం అనుమానం రాలేదు.

అమ్మ వేలు కదిలింది. తర్వాత తనంతట తానే ఊపిరి తీసుకుంది.

సాయంత్రం బాబాయి ఆసుపత్రి పొరపాట్ల పుస్తకంలో తన పేరు తనే రాసొచ్చి, మంచం పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

"బాగా భయపడ్డావా వదినా?"

"మొదట్లో పైప్రాణాలు పైనే పోయాయి. తర్వాత లేదు, నీ గొంతు వినబడుతూనే ఉందిగా," అంది అమ్మ. "భయపడకు, భయపడకు అంటూ నువ్వే ఏడ్చావు. నా నుదుటి మీద పడ్డాయి. నీ కళ్లు తుడుద్దామనుకున్నా అబ్బాయ్, చెయ్యి లేవలేదు."