రెజీనా అని మూడుసార్లు

నా మనవరాలి పేరు రెజీనా. ఈ పేరు మా ఇంటికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు మా అవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు.

రాచర్ల దగ్గర మా ఊళ్లో, మా గొర్రెల దొడ్డి ఊడ్చే ఆమెకు గిద్దలూరు ఆస్పత్రిలో కాన్పు కష్టమైంది. తల్లినీ బిడ్డనూ బతికించిన సిస్టరమ్మే ఆడపిల్లకు ఆ పేరు పెట్టింది. లాటిన్ మాటట, రాణి అని అర్థమట, మరియమ్మను ప్రార్థనల్లో అలా పిలుస్తారట. పచ్చి బాలింత సంబరంగా వచ్చి చెబితే మా అవ్వ ముక్కు మీద వేలేసుకుందట.

"రాణి అంటనే! మా దొడ్డి రాణి ఊడుస్తాదా? పెంటమ్మ అని పిల్చండి, సరిపోతాది."

అవ్వ మాటే ఊరి మాట. బడి రిజిస్టర్లోనూ అదే ఎక్కింది. ఆ పిల్ల నా కంటే ఏడాది చిన్నది. బడిలో నా పక్కన కూర్చోబోతే ముక్కు మూసుకుని "అబ్బా, పెంట కంపు!" అనేదాన్ని. పిల్లలంతా పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వు నాకెంత ఇష్టమో! దాని కళ్లలో నీళ్లు తిరిగేదాకా వదిలేదాన్ని కాదు. ఐదో తరగతిలో అది బడి మాని తల్లి చీపురు అందుకుంది.

పెళ్లయి నేను మార్కాపురం వచ్చేస్తున్న రోజు జీపు దగ్గరికొచ్చింది.

"అక్కా, పొయ్యేముందు ఒక్కసారి నా పేరు పెట్టి పిలువక్కా. అమ్మ చచ్చిపోయినాక ఆ పేరుతో పిలిచేటోళ్లు లేరు."

"పోవే పెంటమ్మా, నీకు ఇంకో పేరు గూడానా" అన్నాను. పిలిస్తే నోటి ముత్యాలేం రాలవు. పిలవాలనిపించలేదు, అంతే.

పోయిన నెల మనవరాలి బారసాల. స్వాతి నక్షత్రం, "రే" అక్షరం రావాలన్నాడు పంతులు. మా అమ్మాయి ఫోన్లో వెతికింది.

"రెజీనా అంట మా! పాత లాటిన్ పేరు, రాణి అని అర్థం. ఒకప్పుడు విదేశాల్లో తెగ పెట్టుకున్నారంట, ఇప్పుడు తగ్గిందంట. మన పక్క ఎవ్వరికీ లేదు."

ఎవ్వరికీ లేదని తలూపాను.

గిన్నెలు తోమడానికి ఊరి నుంచి పెంటమ్మనే పిలిపించాం. ఉయ్యాల దగ్గర పాపను మొదట అమ్మమ్మగా నన్నే పేరు పెట్టి పిలవమన్నారు. చెవిలో మెల్లగా చెప్పబోతే, వీడియోలో వినపడాలి, గట్టిగా అనమన్నాడు ఫోటోలతను.

"రెజీనా. రెజీనా. రెజీనా."

"ఆఁ, అక్కా!"

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతులకు సబ్బు నురగతో. యాభై దాటిన ఆ మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. చుట్టాలంతా అటు తిరిగారు. "ఎవర్ని పిలిచినావు మా?" అంది మా అమ్మాయి.

రావే అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"నిన్ను కాదే పెంటమ్మా, పాపను" అన్నాను.

అందరూ నవ్వారు. అదీ నవ్వింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పోయింది. వీడియో నిన్న వచ్చింది. అందులో దాని "ఆఁ, అక్కా" చాలా స్పష్టంగా వినిపిస్తోంది. ఆ ముక్క కోసెయ్యమని ఫోటోలతనికి చెప్పాను.