రామనర్సయ్య హెల్మెట్టుకు చెవులు

నడిగూడెంల రామనర్సయ్య సంగతి ఎవ్వలనన్న అడుగున్రి. "మస్తు మంచోడు, ఎవ్వలేం చెప్పినా ఓపికతోని వింటడు" అంటరు. అన్నదమ్ముల గెట్టు పంచాది అయినా, ఆలుమగల లొల్లి అయినా, గొర్ల కాపర్ల తగాద అయినా ఆయన మంచం ముంగటికి రావాల్సిందే. రెండు దిక్కుల మాటలు ఒడిసేదాక నోరు మెదపడు. అటెన్క సల్లగ నాలుగు మాటలు చెప్తడు, లొల్లి ఖతం. గీ మాట పోయి సోమమ్మ ముంగట అని సూడున్రి! చేతుల చీపురుంటే చీపురు, చెంబుంటే చెంబు, ఏదుంటే గది లేస్తది. "వింటడా? ఊరు చెప్తే వింటడు. కట్టుకున్నది చెప్తే దున్నపోతు మీద వాన పడ్డట్టే!" అంటది. సోమమ్మ ఆయన పెండ్లామే. ఆమెది ఉత్త నోటిదూల కాదు, ఆ కోపానికి లెక్కున్నది.

ఆ ఇంట్ల పొద్దు పొడిస్తే సాలు, మంచాల నిండ మంది. వచ్చేటోళ్లు వస్తుంటరు, పొయ్యేటోళ్లు పోతుంటరు, సోమమ్మ చాయ్ పోస్తనే ఉంటది. మొగనితోని ఒక్క మాట మాట్లాడుదామంటే సందు దొరకదు. అందుకే ఆ ఆలుమగల ముచ్చట్లన్ని మోటర్ సైకిల్ మీదనే నడిసేటియి. బిడ్డ త్రివేణి పెండ్లి ఖాయం చేసుకున్నది మునగాల దాటినంక. బోరు ఏయొద్దనుకున్నది సూర్యాపేట బస్టాండ్ కాడికి రాకముందు. బండి మీద ఆయన ఏడికి పోతడు? దొరికినట్టే గద. సోమమ్మ ఆయన బుజం మీద గదువ ఆనిచ్చి చెవులనే చెప్పేది, ఆయన "ఊఁ" అనేటోడు. సంసారం సక్కగనే ఎల్లింది.

తర్వాత హెల్మెట్ల కాలం వచ్చింది. ముందున్నోనికి, ఎన్కున్నోళ్లకు ఇద్దరికి ఉండాల్నని చలానా మీద చలానా పడ్డది. రామనర్సయ్య మొకమంత కప్పేది కొనుక్కున్నడు. సోమమ్మకు ముంగట తెరిసి ఉండేది కొనిచ్చిండు. అప్పటి సంది ఈమె అరుసుడు, ఆయన తలకాయ ఊపుడు. ఊపిండు గదా, ఒప్పుకున్నట్టే అనుకునేది పిచ్చి తల్లి.

ఇగ గొర్ల సంగతి. సోమమ్మ పెండ్లికి మాడుగులపల్లిల ఉన్న ఆమె నాయిన అరణం కింద రెండు ఆడ గొర్రెపిల్లల నిచ్చి సాగదోలిండు. గొర్లు సాదుకునేటోళ్ల ఇండ్లల్ల అరణమంటే ఆడిబిడ్డ సొంతం. అవి ఈనినయి, వాటి పిల్లలు ఈనినయి, అన్ని ఆమెయే. మొగడైనా సరే, ఆమెను అడగంది అమ్మరాదు. అందుకే ఎడమ చెవి కొసకు గాటు పెట్టి గుర్తు వెట్టుకుంటరు. ఆ రెండు పిల్లలు పెరిగి పెరిగి, ఇయ్యాల మందల సగం గాటు చెవులయే ఉన్నయి.

మొన్న ఎండకాలం మేత కరువైంది. రామనర్సయ్యకు మోకాళ్ల నొప్పులు. కొన్ని అమ్మేద్దామన్నడు. సరే అన్నది సోమమ్మ. అయితే కోదాడ పొయ్యే తొవ్వల, బండి మీద, గొంతు చించుకొని చెప్పింది. "గాటు చెవులల్ల సూడి గొర్లు ఉన్నయి. వాటి జోలికి పోకయ్యా. కడుపుతోని ఉన్నదాన్ని అమ్మితే మనకు మంచి కాదు." ఆయన తలకాయ ఊపిండు. ఒక్కసారి కాదు, గట్టిగ ఊపిండు. వారం తిరగలేదు. సోమమ్మ సుట్టాలింటికి పోయిన నాడే మిర్యాలగూడ బేరగాడు నరేందర్ ట్రాలీ ఆటో తెచ్చి, ఆ సూడి గొర్లనే ఎక్కించుకపోయిండు.

ఇంటికొచ్చి దొడ్డి సూసి సోమమ్మ కూలబడ్డది. "నేను చెప్పలేదా? నువ్వు తలకాయ ఊపలేదా?" అన్నది.

"హెల్మెట్ల గాలికి ఏం వినబడ్తదే? ఆ తొవ్వ నిండ గుంతలాయె. గుంతలకు ఊగింది తలకాయ" అన్నడు పెద్దమనిషి.

మంచాల మీద కూసున్న మంది పక్కున నవ్విన్రు. మొగడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వుకే సోమమ్మకు ఎక్కువ మండింది. అయినా సూడున్రి, ఆమె మొగని మాటే నమ్మింది. గాలిని తిట్టింది, హెల్మెట్టును తిట్టింది, ఆ రోడ్డేసినోని ఏడు తరాలను తిట్టింది. ఆయనను మాత్రం తిట్టలేదు. వినబడకుంటే ఆయనేం చేస్తడు పాపం అనుకున్నది.

ఒకనాడు త్రివేణి దగ్గరికి పోతూ మునగాల ఢాబా కాడ బస్సు కోసం నిలబడ్డది. ఒక పిల్ల, ఒక పిలగాడు పెద్ద బండి మీద వచ్చిన్రు. పిలగాడు హెల్మెట్టుతోనే నీళ్ల సీసలు కొననీకె అవుతల దుకాణంలకు పోయిండు. ఈ పిల్ల హెల్మెట్టు తియ్యకుంటనే గొణిగినట్టు ఏదో అన్నది. అంత దూరంల ఆ పిలగాడు నవ్విండు. సోమమ్మ ఆ పిల్ల దగ్గరికి జరిగింది.

"బిడ్డా, నీ మాట ఆ పిలగానికెట్ల వినబడ్డది?"

ఆ పిల్ల హెల్మెట్టుకు పక్కకున్న అగ్గిపెట్టెంత డబ్బ సూపెట్టింది. "బ్లూటూత్ అమ్మా. ఆయనకొకటి, నాకొకటి. హైదరాబాద్ సంది ముచ్చటవెట్టుకుంటనే వస్తున్నం."

ఇగ సోమమ్మ ఆగుతదా? త్రివేణిని ఎంటేసుకొని సూర్యాపేటల మోటర్ సైకిల్ సామాన్లమ్మే పెద్ద దుకాణానికి పోయింది. అడిగింది తాను, దుకాణపాయన మాట్లాడింది బిడ్డతోని. "గివి లడక్ దిక్కు పొయ్యేటోళ్లకు మేడం. పల్లెటూర్ల గివెందుకు?"

"ఏం, పల్లెటూరోళ్లు బండి మీద మాట్లాడుకోరా?" అన్నది సోమమ్మ.

అప్పుడు ఆమె దిక్కు సూసిండు. ఒక్క డబ్బ తీసి ముంగట పెట్టిండు. "అయితే ఇదొక్కటి తీస్కోండ్రమ్మా. అంకుల్‌కు పెడితే సాలు. పాటలు వింటడు, ఫోన్లు మాట్లాడ్తడు."

"మరి నాకు?"

"మీకెందుకమ్మా? మీరు ఎన్క కూసునేదే గద."

సోమమ్మ మొకం జేవురించింది. "ఎన్క కూసున్నోళ్లకు నోరుండదా? ఎన్క కూసున్నది మూటనా? నీ ఇంట్ల ఆడోళ్లు బండి మీద నోట్ల గుడ్డ కుక్కుకొని కూసుంటరా?" అని దుకాణం అదిరేటట్టు అరిసింది. త్రివేణి "అమ్మా, పా, పా" అని రెక్క వట్టి గుంజుకపోయింది. రోడ్డు మీదికొచ్చినంక గూడ సోమమ్మ తిట్టుడు ఆపలేదు.

మరునాడు రెండు హెల్మెట్లు సంచిల ఏసుకొని ఒక్కతే కోదాడ పోయింది. ఆడ యేసయ్య అని ఒకాయన బండ్లకు సీటు కవర్లు, లైట్లు, గివే అమ్ముతడు. ఆయన మాట జర ఆంధ్ర దిక్కు మాట. నవ్వలేదు, ఎందుకని అడగలేదు. హెల్మెట్లు రెండూ తిప్పి తిప్పి చూసిండు.

"ఒకటి కొంటే దండగమ్మా. జోడు కావాలి, రెండూ ఒకే రకమైతే తేలిగ్గా కలుస్తయ్యి. మీది ముందు తెరిచుంది కాబట్టి పుల్ల మైకు పెట్టుకోవాలి, నోటి దాకా వచ్చిద్ది. అయ్యగారిది మూసుండేది, దానికి లోపల అంటించే చిన్న మైకు చాలు. స్పీకరు మాత్రం సరిగ్గా చెవికి ఎదురుగా ఉండాలి. పక్కకి జరిగిందా, ఎంత ఖరీదు పెట్టినా గాలిమోతే వినపడిద్ది."

"మాటలొద్దు తమ్మీ, బండి తియ్యి. నేను ఎన్క కూసొని మాట్లాడ్త" అన్నది సోమమ్మ.

యేసయ్య దుకాణం పక్కోనికి అప్పజెప్పి బండి తీసిండు. హైవే మీద మొదటి జోడు పెట్టుకుంటే రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే మోత. వద్దన్నది. రెండోదానికి మైకు మీద స్పాంజి టోపీ ఉన్నది, మోత తగ్గింది. సోమమ్మ గట్టిగ మాట్లాడింది, మెల్లగ మాట్లాడింది, ఆఖరికి గొణిగింది. "నీ పెండ్లాం పేరేంది తమ్మీ?" "సుజాత అండి." "ఆమె మాట వింటవా?" "వినకపోతే అన్నం పెట్టదండి." సోమమ్మ బండి మీదనే నవ్వింది. పాల పైసలు దాసుకున్నయి ఇచ్చి, ఆ జోడే బిగించుకొని ఇంటికి తెచ్చింది.

రామనర్సయ్య చిన్న పోరనోలె మురిసిండు. మంచాల మీద మందికి సూపెట్టిండు. రెండు దినాలకు మిగిలిన గొర్ల బేరం నరేందర్‌తోని మాట్లాడాల్నని మిర్యాలగూడ బయలెల్లిన్రు. కోదాడ దాటినంక సోమమ్మ మెల్లగ అన్నది. "ఏమయ్యా, వినబడ్తుందా?"

"ఓర్నీ! చెవుల కూసొని మాట్లాడినట్టే ఉన్నదే!"

సోమమ్మకు పాణం లేసొచ్చింది. మనుమరాలి ముచ్చట చెప్పింది, నవ్విండు. పక్కింటోళ్ల బర్రె ముచ్చట చెప్పింది, దానికీ నవ్విండు. హుజూర్‌నగర్ దాటినంక అసలు మాట తీసింది. "సూడు, పోయినయి పోయినయి. మిగిలిన గాటు చెవులయి నా అరణం. నేను అమ్మను. నరేందర్‌కు మాటియ్యకు."

ఆయన తలకాయ ఊపిండు.

"తలకాయ ఊపుడు కాదు, నోటితోని చెప్పు."

"ఊఁ" అన్నడు. సాఫ్‌గ వినబడ్డది.

నరేందర్ షెడ్డు మిర్యాలగూడ పొలిమేరల, మెయిన్ రోడ్డు మీదనే. బియ్యం మిల్లుల లారీలు ఒకదాని ఎన్క ఒకటి పోతుంటయి. నరేందర్ కుర్చీలేసి చాయ్ తెప్పిచ్చిండు. "పెద్దమనిషీ, ఏమంటవ్ మరి?" అన్నడు. రామనర్సయ్య మీసం దువ్వుకున్నడు. "మంద మొత్తం కొట్టుకపో నరేందరూ. బేస్తారం నాడు బండి తే. నా మాటంటే మాటే."

సోమమ్మ చాయ్ గిలాస కింద పెట్టింది. "గాటు చెవులయి అమ్మనని తొవ్వల చెప్పలేదా నీకు?"

ఆయన నరేందర్ దిక్కు సూసి నవ్విండు. "గాలికి సరిగ వినబడలేదే."

గప్పుడు తెలిసింది సోమమ్మకు. గాలి లేదు, గుంతలు లేవు, హెల్మెట్టుది పాపం లేదు. ఎన్నేండ్ల సందో ఆయన వింటనే ఉన్నడు. విని పక్కకు పెడుతున్నడు. అయ్యో, ఎవ్వలెవ్వలనో తిట్టుకుంట వచ్చిన గదనే! ఆమె ఏడ్వలేదు. మొగని హెల్మెట్టు తీసి నరేందర్ చేతుల పెట్టింది. "తమ్మీ, జర పెట్టుకో." తన హెల్మెట్టు పెట్టుకొని రోడ్డు దాటి అవుతలికి పోయింది. నడుమల లారీలు ఉరుకుతున్నయి. నరేందర్‌కు ఏం సమజ్ కాలేదు, అయినా పెట్టుకున్నడు.

"తమ్మీ, వినబడ్తుందా?"

"సాఫ్ వినబడ్తుందక్కా."

"గాటు చెవుల గొర్లు నా అరణం. అమ్మేది నేను. నేను అమ్మను. బండి తేకు."

"నాకు తెల్వదక్కా! ఆడిబిడ్డ అరణం నేను ముట్ట. వద్దంటే వద్దు, అయిపోయింది" అన్నడు నరేందర్. అటెన్క మెల్లగ అన్నడు. "అక్కా... మొన్నటియి గూడ గాటు చెవులయే గద. వట్టిపోయినయని చెప్పిండు పెద్దమనిషి. ఆయన మాట మీదనే కోతకు పంపిన. కోసినంక సూస్తే... కడుపులల్ల పిల్లలు."

నడుమల నుంచి పెద్ద లారీ పోయింది. ఒక్క ముక్క పోలేదు, అన్నీ వినబడ్డయి సోమమ్మకు.

రోడ్డు దాటి ఇవుతలికి వచ్చింది. నరేందర్ నెత్తి మీది హెల్మెట్టు తీసి రామనర్సయ్య చేతుల పెట్టింది. "పెట్టుకో. బండి తియ్యి."

నేరేడుచర్ల దాక ఆమె మాట్లాడలేదు. ఆయనకే ఉక్కపోసింది. "కోపమొచ్చిందానె?" అన్నడు.

"నువ్వు అమ్మినయి ఏమేం గొర్లు? ఒక్కొక్కదాని ఆనవాలు చెప్పు."

"ఇప్పుడెందుకే..."

"చెప్పు."

గొర్లు కాసేటోనికి తన గొర్రె మొకం తెల్వదా? "నల్ల మొకందొకటి" అన్నడు.

"ఇంక?"

"కుంటుకుంట నడిసేది."

"ఇంక?"

"వానల ఈనిన దాని బిడ్డ. మెడకు తెల్ల మచ్చది."

"ఇంక?"

ఆయన ఊపిరి ఆమె చెవులల్ల బరబరమన్నది. "నువ్వు... నువ్వు సీసతోని పాలు పట్టి సాదినది."

బండి జోరు తగ్గింది. పక్క నుంచి బస్సు హారన్ కొట్టుకుంట పోయింది.

"ఇంక?" అన్నది సోమమ్మ.