మూర్తిగారి పేరు మీద నేను తెరిచిన ఫొటో

తొమ్మిదేళ్లుగా ఒక్క మాటని మోస్తున్నాను. అబద్ధపు మాట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఒకటి ముందే అంటాను: నేను చేసిన రెండు తప్పుల్లో ఒకదానికే సిగ్గుపడుతున్నాను. రెండోదానికి కూడా సిగ్గుపడమని అడగొద్దు.

మాది జగ్గయ్యపేట. నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. నేను హైదరాబాదులో మ్యాపుల ఆఫీసులో చేస్తానని ఆయన అందరికీ చెబుతాడు. నిజానికి సరిహద్దుల మీద తిరిగే ఉపగ్రహాలు పంపిన ఫొటోలు చూసి, నిన్న లేనిది ఇవాళ ఏముందో రాయడం నా పని. కొత్త రోడ్డు, కొత్త కందకం, వరసగా ఆగిన లారీలు. ఎవరికిచ్చిన ప్రాంతం వాళ్లే చూడాలి. చూసింది గుమ్మం దాటకూడదు. అలాగని చేరిన రోజే సంతకం పెట్టాను.

నాకు పని నేర్పింది మూర్తిగారు. అసలు పేరు ఇది కాదు. మా ఊరి పక్కనే చిల్లకల్లు ఆయనది. తమ వైపు అమ్మాయినని అభిమానం. నీడ పొడవు చూసి గోడ ఎత్తు ఎలా చెప్పాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కంటి ఆపరేషన్ అయిన వారం తన బదులు సిస్టమ్ తెరవమని పాస్‌వర్డు చెప్పారు. తర్వాత మార్చుకోలేదు. నా మీద అంత నమ్మకం.

నందిగామ కాలేజీలో నాతో చదివిన సుభాషిణి భర్త సైన్యంలో ఉండేవాడు. మంచుకొండల మీద కాపలా. ఆ ఏడాది అక్కడ మంచుచరియలు విరిగిపడ్డాయి. నాలుగు రోజులు అతని ఫోన్ లేదు. సుభాషిణికి ఏడో నెల. నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు.

"మీ ఆఫీసులో పైనుంచి అంతా కనపడుద్దంటగా. ఆయన ఉన్నాడో లేదో చూసి చెప్పవే. లేకపోతే లేడనే చెప్పు. ఇట్టా తెలవకుండా ఉండలేకపోతున్నా."

ఆ ప్రాంతం మూర్తిగారిది. మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆయన పేరుతో ఫొటో తెరిచాను. పాత ఫొటోలో అతని పోస్టు దగ్గర జవాన్లుండే షెడ్లు మూడు. కొత్తదాంట్లో రెండే. ఆ రెంటి నుంచి హెలికాప్టర్ దిగే చోటికి నల్లటి గీతలా కాలిబాట. ముందు రోజే మంచు కురిసింది కాబట్టి అది కొత్తగా తొక్కింది. ఎవరో నడుస్తున్నారు. ఎవరు? అంత ఎత్తు నుంచి మనుషులకి ముఖాలుండవు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. రెండు షెడ్లు నిలబడి ఉన్నాయని, మనుషులు తిరుగుతున్నారని, ధైర్యంగా ఉండమని చెప్పాను. మూడోదాని సంగతి చెప్పలేదు. రెండు రోజులకి అతనే ఫోన్ చేశాడు. కాలివేళ్లు రెండు పోయాయి, మనిషి మిగిలాడు. మూడో షెడ్డులో ఉన్న ఇద్దరు మిగల్లేదు. వాళ్ల భార్యలకి నాలాంటి స్నేహితురాలు లేదు.

ఇంతలో సుభాషిణి మరిది నందిగామ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: మా అన్న క్యాంపు బాగానే ఉంది, శాటిలైట్‌లో రెండు షెడ్లు కనపడుతున్నాయంట అని. ఒక పోస్టులో ఎంత మిగిలిందో ఊరికి తెలిస్తే సరిహద్దు అవతలివాళ్లకీ తెలుస్తుంది. ఆ నియమం ఎందుకుందో నాకు తెలుసు. తెలిసే దాటాను. ఎవరి కోసం కాపలా కాస్తున్నామో ఆ మనిషి ఫోన్ చేసి అడిగితే కళ్లు మూసుకోవాలా? రేపు మళ్లీ అడిగినా చూస్తాను. ఈసారి నా పేరుతో చూస్తాను.

విచారణ జరిగింది. రికార్డులో మూర్తిగారి పేరుంది. మెసేజీ పుట్టింది ఆయన సొంతూరి పక్కనే. ఎవరు చెప్పారంటే సుభాషిణి నోరు విప్పలేదు. నాదీ ఆ పక్కేనని ఎవరికీ తట్టలేదు. మెట్ల దగ్గర ఆయన నన్ను ఆపారు.

"నా సిస్టమ్‌లో నువ్వేమన్నా చూశావా అమ్మా?"

"లేదండీ."

"సరేలే. అయితే నేనే తెరిచి మర్చిపోయుంటా."

ఇదే నా తప్పు. ఈ ఒక్క "లేదండీ". ఆయన్ని పాత ఫైళ్ల గదికి పంపేశారు. అంతటితో పోయినా బాగుండేది. తన బుర్ర మీద ఆయనకి నమ్మకం పోయింది. బీరువాకి తాళం వేసి, వెనక్కొచ్చి లాగి చూసేవారు. మాట్లాడుతూ ఆగిపోయి, ఇది ఇందాక చెప్పానా అని నన్నే అడిగేవారు. భయపడ్డానా? భయమే అయితే ఏడాదికో రెండేళ్లకో తగ్గాలిగా. ఆయన అలా రిటైరయ్యేదాకా చూస్తూ, రోజూ ఎదురుగా కూర్చుని టీ తాగిన దాన్ని ఏమనాలి? నాకు పేరు దొరకలేదు.

పోయిన నెల అంతా రాసి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చాను. వాళ్లేం చేస్తారో చేసుకోనీ. కాపీ పట్టుకుని చిల్లకల్లు వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని రెండుసార్లు చదివారు. ఏ పూట అని అడిగారు. మధ్యాహ్నం, మీరు భోజనానికి వెళ్లినప్పుడు అన్నాను. తర్వాత లోపలున్న భార్యని పిలిచారు.

"ఏమే, విన్నావా? నేను మర్చిపోలా."

నా వైపు చూడలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ ఫొటో తెరిచింది నేను. ఎంత చిన్న వాక్యమో చూడండి. రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది.